మంగళం పాడని సభ

ప్రమాదీచ నామ సంవత్సరం, ఎండలు ముదిరిన వైశాఖమాసం. నీలాద్రిపురం రాజు వీరగోపాల నాయకుడికి ఒక ముచ్చట పుట్టింది. ఏటేటా జరిగే అరణ్యరక్షణ మహాసభ వల్ల అడవికి ఏం ఒరిగిందో ఎవరైనా నిండు సభలో సమీక్షించి చెప్పాలి. అదీ వినసొంపుగా చెప్పాలి.

ఆ సభకు అయిదు దేశాల రాజులు కూడతారు. ఒకే కొండల వరుస మీది అడవిని పంచుకున్నవాళ్ళు నలుగురు. అయిదో ఆయన సముద్రంలో ఒక దీవికి రాజు. ఆయన దేశంలో కొబ్బరిచెట్టు తప్ప మరో చెట్టు లేదు. అయినా అడవుల గురించి అందరికంటే ఎక్కువసేపు మాట్లాడేది ఆయనే.

ఏర్పాట్లన్నీ మంత్రి దామోదరయ్యవి. అడవి అంటే ఆయనకు ప్రాణం. అందుకే దాన్ని దూరాన ఉంచలేక తలుపులుగా, మంచాలుగా, ఊయలగా చేయించి ఇంట్లోనే పెట్టుకున్నాడు.

సమీక్ష పని భట్రాజు కూచిరాజుకు పడింది. రాజుగారి బిరుదులు పొగడడం, సభ మొదట్లో ప్రార్థన, చివర మంగళం పాడడం అతని కొలువు. పొగడ్తలో నోరు తిరిగినవాడు కాబట్టి సమీక్ష తియ్యగానే ఉంటుందని రాజు అనుకున్నాడు.

కూచిరాజు లేచి చేతులు జోడించాడు. తొలి సభలో అయిదుగురు రాజులూ అడవి గురించి విచారం ప్రకటించారన్నాడు. మరుసటి ఏడు తీవ్ర విచారం ప్రకటించారన్నాడు. ఆ పై ఏడు తీవ్రమన్న మాట చాలుతుందో లేదో తేల్చడానికి ఒక ఉపసంఘం వేశారన్నాడు. ఉపసంఘం వారు కూర్చోవడానికి పులితోళ్ళు, విసురుకోవడానికి నెమలి ఈకలు, పూసుకోవడానికి పునుగు తెప్పించామన్నాడు.

"పులీ నెమలీ పునుగుపిల్లీ అడవిలో కనబడడం లేదని కొందరు గోల పెడుతున్నారు, మహాప్రభూ. కంగారు లేదు. అన్నీ ఇక్కడే, మన సభలోనే క్షేమంగా ఉన్నాయి."

దీవి రాజు నవ్వబోయి, తన కిందున్న పులితోలు చూసుకుని మానేశాడు.

దామోదరయ్య ముఖం మాడిపోయింది. అతను వెంటనే లేచి, ఇంత గొప్ప సభకు శాశ్వత భవనం లేకపోవడమే లోపమన్నాడు. పులికోన టేకు అందుకు సరిగ్గా సరిపోతుందని, గొడ్డళ్ళవాళ్ళను కూడా పిలిపించానని చెప్పాడు. నీలాద్రిపురం వైపు మిగిలిన అడవల్లా ఆ పులికోన ఒక్కటే.

అది కూడా కొట్టేస్తే ఇక రక్షించడానికి ఏం మిగులుతుందని కూచిరాజు అడిగాడు.

"సభ మిగులుతుంది కదయ్యా" అన్నాడు దామోదరయ్య.

రాజుకు మాత్రం కూచిరాజు మీదే కోపం వచ్చింది. పొగడమంటే ఎగతాళి చేస్తావా అన్నాడు. "ఇన్ని సభలు చేయలేని పని నువ్వొక్కడివి చేసి చూపించు. చెట్లు కొట్టొద్దని ఆజ్ఞ ఇమ్మని నన్ను అడగకూడదు. పులికోనలో ఒక్క చెట్టు కూలినా నీకు నా కొలువులో చోటు లేదు."

కూచిరాజు ఒక్కటే కోరాడు. మర్నాటి సభ పులికోనలోనే జరగాలి. రేపటి భవనం స్తంభాలు ఇంకా ఆకులతో ఉండగానే అతిథులు వాటిని ఒకసారి చూడాలన్నాడు. ఊరేగింపుగా వెళ్ళవచ్చని దామోదరయ్య కూడా సంబరపడి ఒప్పుకున్నాడు.

ఆ సభలకు ఒక కట్టుబాటు ఉంది. పూర్వం ఇద్దరు రాజులు మాటా మాటా పెరిగి సభలోనే కత్తులు దూశారట. అప్పటినుంచి ప్రార్థనకు ముందు రాజులందరూ ఒట్టు వేస్తారు. మంగళం పాడేదాకా సభాస్థలంలో ఎవరూ ఏ ఆయుధమూ ఎత్తకూడదు. ప్రార్థన ఎవరు పాడితే మంగళమూ వాళ్ళే పాడాలి. తప్పితే అయిదుగురు రాజులకూ కీడు.

మర్నాడు చెట్ల నీడన ఒట్లు అయ్యాయి. కూచిరాజు కమ్మగా ప్రార్థన పాడాడు. దామోదరయ్య స్వాగతం చెబుతూ, ఈ చివరి నుంచి ఆ చివరి దాకా కోనంతా ఇవాళ మన సభామండపమే అని చెయ్యి చాచి చూపించాడు. రాజులు తల ఊపారు. తర్వాత దీవి రాజు మాట్లాడాడు, అందుకని భోజనాలు ఆలస్యమయ్యాయి. చివరికి మిక్కిలి తీవ్ర విచారం ప్రకటించాలని తీర్మానించారు. పైన కొమ్మ మీద బెట్టుడుత ఒకటి కాయ కొరికి తొక్క కింద పడేసింది.

దామోదరయ్య సైగ చేశాడు. గొడ్డళ్ళవాళ్ళు లేచి నిలబడ్డారు. మంగళం పాడమని రాజు కూచిరాజుకు చెప్పాడు.

కూచిరాజు నోరు విప్పలేదు.

"ఏమయ్యా భట్రాజూ, గొంతు పోయిందా?" అన్నాడు దామోదరయ్య.

"గొంతుకేం, బాగానే ఉంది మంత్రిగారూ. సమీక్షే ఇంకా పూర్తి కాలేదు."

"ఎప్పటికి పూర్తవుతుంది?" అన్నాడు రాజు.

"ఇన్నాళ్ళూ మనం కొట్టేసిన చెట్లు మళ్ళీ ఇంత ఎత్తు ఎదిగాక, మహాప్రభూ. అందాకా సభ జరుగుతున్నట్టే. గొడ్డలి కూడా ఆయుధమే కదా."

దామోదరయ్య మరో భట్రాజును పిలిపిస్తానన్నాడు. అందరికంటే ముందు దీవి రాజే అడ్డుపడ్డాడు. తను సముద్రం దాటి ఇంటికి పోవాలనీ, ఆ కీడు నెత్తిన పెట్టుకుని ఓడ ఎక్కలేననీ అన్నాడు. మిగతా రాజులకూ ఎవరి ప్రాణం వాళ్ళకు గుర్తొచ్చింది. గొడ్డళ్ళు కిందికి దిగాయి.

వీరగోపాల నాయకుడు కాసేపు చెట్ల వైపు చూసి, పకపకా నవ్వాడు. "మన సభలు ఏ పనీ ముగించవని సిగ్గుపడేవాణ్ణి. అసలు ముగించకపోతేనే పని జరుగుతుందన్నమాట." తన చేతి బంగారు కడియం తీసి కూచిరాజుకు తొడిగాడు. రాజులంతా నవ్వారు. నవ్వనిది దామోదరయ్య ఒక్కడే.

అతను కూచిరాజు వెనకాల ఒక మనిషిని పెట్టాడు. ఎక్కడ మంగళం పాడినా సభ ముగిసినట్టేనని వాదించాలని మంత్రి ఎత్తు. కూచిరాజు ఇంకెక్కడా మంగళం పాడలేదు. జనం అతణ్ణి పెళ్ళిళ్ళకు పిలవడం మానేశారు. సొంత కూతురి పెళ్ళికి పొరుగూరి భట్రాజు వచ్చి మంగళం పాడాడు. కూచిరాజు పందిట్లో ఒక పక్కన నిలబడి విన్నాడు.