తీరికలమ్మ కోన: మునగని గిన్నె

ఊటకోనలో వెలసిన తీరికలమ్మ తల్లి సన్నిధికి బండి బాట లేదు. కొండ మొదట్లో వాహనాలు ఆపి, వెదురు పొదల మధ్య అరకోసు దూరం నడవాలి. నడవలేమని గొణిగేవారు కూడా సగం దారికి వచ్చేసరికి గొణగడం మరిచిపోతారు. కోన చివర ఒక నేరేడు చెట్టు, దాని కింద ఊట, ఊట పక్కన నాచు పట్టిన రాతి రూపంలో అమ్మవారు. గుడికి కప్పు లేదు, ధ్వజస్తంభం లేదు, గంట అసలే లేదు. ఊటగుంటలో ఒక రాగి గిన్నె మాత్రం తేలుతూ ఉంటుంది. కొత్తవారు అది అభిషేకానికి కాబోలనుకుని చేయి పెట్టబోతారు. దాని కథ తెలిసినవారెవరూ ముట్టుకోరు.

పూర్వం ఇక్కడికి ఆమడ దూరంలో ఒక కోట ఉండేది. అందులో బయ్యన్న అనే అతడు పగటి గడియలు కొట్టేవాడు. అడుగున సన్నని బెజ్జం ఉన్న రాగి గిన్నెను నీటి తొట్టిలో వదిలితే, నీరు మెల్లగా లోపలికి ఎక్కి గిన్నె మునుగుతుంది. అలా మునిగితే ఒక గడియ అయినట్టు. ఆ క్షణానే జేగంట మీద దెబ్బ పడాలి. ఆ దెబ్బ వినే కోట తలుపులు తెరిచేవారు, కావలి మార్చేవారు, పీటల మీద తాళి కట్టించేవారు.

ఇరవై ఏళ్ళు బయ్యన్న తప్పలేదు. ఒక మాఘమాసంలో మాత్రం, ఎండ వెచ్చగా ఉందో ఏమో, కళ్ళు మూతపడ్డాయి. దెబ్బ ఆలస్యమై ఒక పిల్ల పెళ్ళిముహూర్తం దాటిపోయింది. పెళ్ళివారు మంచివాళ్ళు, ఏమీ అనలేదు. దొర కూడా చూసీ చూడనట్టు ఊరుకున్నాడు. అందరూ క్షమించిన తప్పును బయ్యన్న మనసే క్షమించలేదు.

ఆనాటి నుంచి అతని కంటికి కునుకు కరువైంది. చీకటి పడగానే రాత్రి గడియల మనిషి వచ్చి కూర్చునేవాడు. అయినా ఇంట్లో మంచం మీద బయ్యన్న తలలో గిన్నె మునుగుతూనే ఉండేది. భార్య మాచమ్మ మీద ఎన్నడూ గొంతెత్తని మనిషి, పులుసులో ఉప్పు తగ్గితే కసురుకునేవాడు. కసిరాక గోడవైపు తిరిగి కుమిలిపోయేవాడు. మూడు నెలల్లో మనిషి సగమయ్యాడు. నాడి చూసిన వైద్యుడు మాచమ్మను పక్కకు పిలిచి, "ఇది కషాయాలకు లొంగేది కాదమ్మా. నిద్ర రాకపోతే ఈ మనిషి వానాకాలం దాటడు" అన్నాడు.

మాచమ్మకు తెల్లవారుజామున కల వచ్చింది. నాచురంగు కోక కట్టుకున్న ముసలవ్వ ఒకతె ఊట ఒడ్డున కూర్చుని, నీళ్ళలో కాళ్ళు ఆడిస్తోంది. "బిడ్డా, నీ పెనిమిటిని నా కోనకు పంపు. ఒక్క గడియ నా దగ్గర కూర్చుంటే చాలు" అంది.

ఆ కల సంగతి విని బయ్యన్న నవ్వలేదు గాని నవ్వినంత పని చేశాడు. "గడియలు కొట్టేవాడికి గడియ తీరికెక్కడిదే?"

"చచ్చేందుకు మటుకు తీరిక ఉందా?" అంది మాచమ్మ.

మర్నాడు తన బదులు రాత్రి మనిషిని కూర్చోబెట్టి బయలుదేరాడు. అమ్మవారు అడిగింది ఒక్క గడియ. అంతకు మించి ఒక్క విగడియ కూడా ఇచ్చే ఉద్దేశం అతనికి లేదు. అందుకని తండ్రి నాటి పాత గిన్నెను చంకన పెట్టుకుని మరీ వెళ్ళాడు. గడియలవాడి బుద్ధి గడియల మీదే.

కోన చేరి, గిన్నెను ఊటగుంటలో వదిలి, పక్కనున్న రాతికి వీపు ఆనించి కూర్చున్నాడు. చూపు గిన్నె మీదే. గిన్నె తేలుతోంది. పైన పికిలిపిట్ట ఒకటి కూసి, మరో కొమ్మ మీది నుంచి వచ్చే జవాబు కోసం ఆగింది. ఆ జవాబు కోసం బయ్యన్న కూడా ఆగాడు. నేరేడాకుల సందుల్లోంచి ఎండ చుక్కలు చుక్కలుగా నీటి మీద పడి కదులుతోంది. తడిమట్టి వాసన వచ్చింది. చిన్నప్పుడు ఎరిగిన వాసన, ఇన్నేళ్ళూ ఎక్కడికి పోయిందో. గిన్నె ఇంకా తేలుతూనే ఉంది. ఊట ఒకే మాట పదేపదే చెబుతోంది, తొందరేమీ లేనట్టు. తాను లెక్కపెట్టడం ఎప్పుడో మానేశానని అతనికి తోచింది. భయం వేయలేదు. కళ్ళు చెమర్చాయి, అవి తుడుచుకోవాలని కూడా అనిపించలేదు. నిద్ర సుఖమెరుగదన్నారు పెద్దలు. దూదిపరుపు మీద రానిది బండరాతి మీద వచ్చింది.

మెలకువ వచ్చేసరికి పొద్దు వాలింది. బయ్యన్న గబుక్కున గుంటవైపు వంగాడు. చూస్తే గిన్నె తేలుతూనే ఉంది. ఎత్తి చూశాడు. అడుగున నేరేడాకు ఒకటి అంటుకుని బెజ్జాన్ని మూసేసింది. అతను పడీపడీ నవ్వాడు. వెనక్కు తిరిగితే, తాను ఆనుకున్న రాతి మీద తల రాపిడికి నాచు లేచిపోయి, ముడతలు పడిన ఒక ముసలి ముఖం కనిపించింది. నవ్వు ఆపి, దోసిలితో ఊటనీళ్ళు తెచ్చి ఆ ముఖం కడిగి, సాష్టాంగపడ్డాడు. ఆకును తీయకుండానే గిన్నెను మళ్ళీ నీటిలో వదిలాడు.

ఇంటి గుమ్మంలో మాచమ్మ ఏడుపు మొహంతో నిలబడి ఉంది. "ఒక్క గడియేగా కూర్చోమంది. ఇంతసేపేం చేశావయ్యా?"

"ఆ గడియ ఇంకా అవలేదే" అన్నాడు బయ్యన్న. ఆపైన పులుసు రెండుసార్లు అడిగి వడ్డించుకుని తిన్నాడు. ఆ రోజూ అందులో ఉప్పు తక్కువే.

అతను కోట కొలువు మానలేదు, ముసలివాడయ్యేదాకా గడియలు కొట్టాడు. ఆదివారం మాత్రం దంపతులిద్దరూ కోనకు వచ్చి కూర్చునేవారు. తీరిక లేదన్నవాడికి తీరిక ఇచ్చింది కనుక అమ్మవారికి ఈ పేరు వచ్చింది.

నేటికీ ఆ వంశపు ఆడపడుచులే ఇక్కడ పూజారులు. ఉదయాన ఊటనీళ్ళతో అమ్మవారి ముఖం కడిగి, గిన్నె అడుగున కొత్త నేరేడాకు అద్ది నీటిలో వదులుతారు. భక్తులు చేతి గడియారాలు, సెల్ ఫోన్లు వెదురుబుట్టలో పెట్టి, మౌనంగా ఒక్క గడియ కూర్చోవాలి. కొబ్బరికాయ, ముడుపు అక్కరలేదు. నిద్రపట్టనివారికి నిద్ర, దిగులు పడ్డవారికి ఊరట, కసురుకునేవారికి మెత్తని మాట ఈ తల్లి ప్రసాదమని భక్తుల నమ్మకం.

తిరుగు బస్సు గుర్తొచ్చి, "ఇంకెంతసేపమ్మా?" అని అడిగేవారు రోజూ ఉంటారు. పూజారమ్మ విసుక్కోదు. గిన్నె వైపు చూపిస్తుంది.

"మునగనీ నాయనా, చెబుతాను."