వెనక కూర్చున్న మనిషి

ఐలేష్ నాలుగు రోజులుగా అన్నం ముట్టలేదు. ఐదో రోజు పొద్దున్నే వచ్చి తాలీం గడపలో కూలబడ్డాడు.

వరంగల్‌లో ఆ పాత తాలీం, అంటే కుస్తీ గోదా, ఖాదర్ ఉస్తాద్‌ది. కుస్తీ నేర్చుకుందామని ఆయన దగ్గరికి వెళ్తే మొదటి ఆర్నెల్లు ఒక్క పట్టు కూడా నేర్పడు. పడటమే నేర్పుతాడు. గడ్డం రొమ్ముకు ఆనించాలి, చేతులు చాపకూడదు, ముడుచుకొని దొర్లాలి, పట్టుకున్నది ఏదైనా వదిలెయ్యాలి. ఆ మట్టిలో నేనూ దొర్లినవాణ్ణే.

నాకు అంతంత మాత్రం వచ్చిన ఆ విద్య ఐలేష్‌కు ఒంటపట్టింది. మోటార్ సైకిల్ మీంచి మూడుసార్లు పడ్డాడు, మూడుసార్లూ దుమ్ము దులుపుకొని లేచాడు. దాంతో కళ్ళు నెత్తికెక్కాయి. మలుపుల్లో కూడా బ్రేకు వేసేవాడు కాదు. "పడితే ఏమైతది, నాకు పడుడొచ్చు" అని నవ్వేవాడు. ఆ నవ్వు తలుచుకుంటే నాకిప్పటికీ ఒళ్ళు మండుతుంది.

నాలుగోసారి వెనక భార్య రజిత ఉంది. ఇటుక బట్టీల మలుపులో ఇసుక మీద బండి జారింది. ఐలేష్ దొర్లి లేచాడు, మోచెయ్యి కూడా గీసుకోలేదు. రజిత తల రోడ్డుకు కొట్టుకుంది. అప్పట్నుంచి దవాఖానలో కళ్ళు తెరవలేదు. డాక్టర్లు ఏ మాటా చెప్పడం లేదు.

ఐలేష్ ఆ రోజు తొడుక్కున్న చొక్కా తెచ్చి ఉస్తాద్ ముందు పెట్టాడు. వీపు దగ్గర పిడికెడు బట్ట చిరిగిపోయి ఉంది.

"రజిత ఇక్కడ పట్టుకున్నది ఉస్తాద్. నేను దొర్లంగనే చెయ్యి ఊడిపోయింది. నేను ఇడిపించుకోలే, నా ఒళ్ళు ఇడిపించుకున్నది. మీరు నేర్పిన విద్యే. దీన్ని ఎట్ల మర్చిపోవాల్నో చెప్పున్రి."

ఉస్తాద్ ఆ చిరుగును చాలాసేపు చూశాడు. డెబ్బై దాటిన మనిషి, నిరుడు తుంటి విరిగినప్పట్నుంచి కర్ర పట్టుకొని నడుస్తున్నాడు. కర్ర అందుకొని లేచాడు.

"కోడలు రజితను చూసొద్దాం. బండి తియ్."

"ఆటో తీస్కొస్త ఉస్తాద్."

"బండి తియ్యిరా."

వంకరపోయిన ఆ బండి మీదే ఆయన వెనక ఎక్కి, ఐలేష్ చొక్కాను వీపు దగ్గర పిడికిలితో పట్టుకున్నాడు. తర్వాత జరిగింది ఐలేషే నాకు చెప్పాడు.

పదిహేను నిమిషాల దారి అది. అరగంటైనా సగం కాలేదు. గుంత కనబడితే ఆపాడు, లారీ వస్తే రోడ్డు దిగాడు. ఇటుక బట్టీల మలుపు వచ్చింది. ఇసుక ఇంకా అలాగే ఉంది. ఐలేష్ ఇంజిన్ ఆపి దిగాడు. ఉస్తాద్‌ను సీటు మీదే ఉంచి, బండిని మెల్లగా నెట్టసాగాడు.

"ఎందుకు దిగినవ్?"

"ఇసుక ఉన్నది ఉస్తాద్."

"ఉంటే ఏంది? నీకు పడుడొచ్చు గద."

"నాకొచ్చు. ఈ తుంటితోని మీరు పడితే..."

ఉస్తాద్ ఇంకా అతని చొక్కా వదల్లేదు.

"మరి కోడలికొచ్చునా, బిడ్డా?"

మలుపు దాటాక రోడ్డు బాగానే ఉంది. దవాఖాన ఇంకా చాలా దూరం. ఐలేష్ మళ్ళీ బండెక్కలేదు, నెట్టుకుంటూనే పోయాడు.