అడుగులమ్మకు చోటు దొరికిన లంక

గోదావరి నడుమ ఉన్న అడుగులలంకకు నేటికీ వంతెన లేదు. యాత్రికులు రేవులో పడవ ఎక్కి రావాలి. పడవ దిగగానే చెప్పులు అక్కడే విడవాలి. లంక మధ్యన వెదురు పందిరి, దానిమీద అల్లుకున్న బీర, ఆనప, పొట్ల తీగలు, వాటి నీడలో ఒండ్రుమట్టి మీద ఒక జత పాదముద్రలు కనిపిస్తాయి. అవే అమ్మవారు. గోడలు లేవు, గోపురం లేదు, విగ్రహమూ లేదు. ఏటా వరద వచ్చి ఆ పందిరినీ పాదాలనూ తీసుకుపోతుంది. ఏటా వరద తీశాక లంకవాళ్లు నవ్వుకుంటూ మళ్లీ వేసుకుంటారు. ఆ నవ్వుకు కారణం తెలియాలంటే ఆదెమ్మ కథ వినాలి.

పూర్వం ఈ లంకకు పేరు లేదు. కొన్ని కాపు కుటుంబాలు ఇక్కడ కూరపాదులు పెట్టుకుని, కాయలను పడవల మీద గట్టు ఊళ్లకు పంపి బతికేవి. గవరయ్య అనే యువకుడిని పెళ్లాడి ఆదెమ్మ ఒక వేసవిలో కాపురానికి వచ్చింది. పుట్టింటివారు సారెతోపాటు ఎండిన ఆనపబుర్ర ఒకటి ఇచ్చారు. అందులో బూడిద కలిపిన రకరకాల పాదు గింజలు పోసి, మూతికి పేడమట్టి మెత్తారు. అలా మూసిన బుర్రను పొయ్యి పైన పొగలో వేలాడదీస్తే గింజకు పురుగు పట్టదు. ఒకసారి పగలగొడితే మాత్రం ఉన్నదంతా విత్తేయవలసిందే.

తొలకరికి పెట్టిన పాదులు పూతకు వచ్చిన వేళ, శ్రావణంలో గోదావరి పొంగింది. జనమంతా దిబ్బ మీదికి పరుగెత్తారు. గవరయ్య దూడను ఎత్తుకున్నాడు. అతని తల్లి సూరాయమ్మ ఇత్తడి బిందె పట్టుకుంది. ఆదెమ్మ బుర్రను చంకన పెట్టుకుంది. దారిలో బిందె చెయ్యిజారి నీళ్లలో పడింది. బుర్ర కూడా జారింది కానీ, తేలుతూ వచ్చి ఆదెమ్మ చేతికే తగిలింది.

"నిక్షేపంలాంటి బిందె పోయింది, ఈ బుర్ర మాత్రం మిగిలింది!" అని సూరాయమ్మ నెత్తి కొట్టుకుంది.

"బిందె మునిగింది, బుర్ర తేలింది. తప్పు నాది కాదు కదత్తా!" అంది కోడలు. ఏడుస్తున్న ముసలామెకు నవ్వు ఆగలేదు.

భాద్రపదం వచ్చాక వరద తీసింది. తోటల మీద మెత్తని ఒండ్రు పరుచుకుంది. "చవితి దాటితే పాదు కాపుకు రాదు, పెట్టెయ్యండి!" అని పెదకాపు తమ్మయ్య తొందరపెట్టాడు. అందరూ దాచుకున్న గింజలు తెచ్చి పచ్చి బురదలోనే గుచ్చారు. ఆదెమ్మ కూడా బుర్ర పగలగొట్టబోయింది. అయితే ఆ మధ్యాహ్నం ఆమెకు కాస్త కునుకు పట్టింది.

కలలో ఒక పెద్దముత్తైదువ ఖాళీ బుట్ట నెత్తిన పెట్టుకుని నీటి అంచున నిలబడింది. లంకలోకి రాబోయి ఒండ్రు మీద కాలు మోపితే అది మోకాలిదాకా దిగబడింది. ఆమె కాలు పైకి లాక్కుని పకపకా నవ్వి, "నా కాలికే చోటు లేదు, నీ గింజకు ఎక్కడుందే పిల్లా? చోటు దొరికినప్పుడు నేనే వస్తాలే" అంది.

ఆదెమ్మ బుర్రను మళ్లీ దూలానికి కట్టేసింది. ఆనాటినుంచి రోజూ పొద్దున్నే చెప్పుల్లేకుండా ఒండ్రు మీద నడిచి చూసేది. కాలు దిగబడేది. తీసిన అడుగులో నీళ్లూరేవి. తిరిగి వచ్చేసేది.

"ఏమ్మా గవరయ్య పెళ్లామా! కొంగలాగ బురదంతా తొక్కుతున్నావు, చేపలేమన్నా చిక్కినయ్యా?" అని తమ్మయ్య ఎకసెక్కం చేశాడు.

"కొంగకైనా కాలు నిలవాలి కదండీ పెదకాపుగారూ! ఇంకా నిలవడం లేదు" అంది ఆదెమ్మ.

తొందరపడి పెట్టిన గింజలన్నీ కుళ్లిపోయాయి. ఒక్క మొలకా పైకి రాలేదు. ఇంకెవరి ఇంటా విత్తనం లేదు. తమ్మయ్యకు ఎగతాళి మాటలు కూడా అడుగంటాయి. "రేపు పడవలెక్కుదాం. గట్టు మీద కూలో నాలో చేసుకుందాం" అన్నాడు. సొంత తోట ఉన్న గవరయ్య ఇంకొకరి తోటలో కూలికి నిలబడడం తలుచుకుని ఆదెమ్మ గుండె చెరువైంది. కాపురమైనా కుదురుకోకముందే లంక ఖాళీ అయిపోతోంది.

మర్నాడు తెల్లవారగానే, ఆఖరిసారిగా చూద్దామని ఆమె ఒడ్డుకు వెళ్లింది. అక్కడ నీటి అంచునుంచి లంక మధ్యకు పాదముద్రలు ఉన్నాయి. ఐదు వేళ్లూ అచ్చుగుద్దినట్టు తెలుస్తున్నాయి. వాటిలో నీరూరలేదు, అంచు పగలలేదు. పక్కనే తన కాలు మోపింది. కాలు నిలిచింది.

"వచ్చిందత్తా! అమ్మ వచ్చింది!" అని కేకలు వేస్తూ ఇంటికి పరుగెత్తి, బుర్ర దించి గుమ్మంలో పగలగొట్టింది. సామాన్లు పడవలకు చేరవేస్తున్న వాళ్లంతా చుట్టూ మూగి, ఆమె కలనూ ఒడ్డున కనబడ్డ అడుగుల సంగతినీ విన్నారు.

సూరాయమ్మ కోడలి చెవిలో, "ముందు మన తోటకు సరిపడా తీసి దాచవే" అంది.

"మన ఒక్కరికే కాస్తే, ఊళ్లో ఎవరూ లేకుండా ఆ కాయలు ఎవరితో పంచుకు తింటామత్తా?" అని ఆదెమ్మ ఇంటికింత చొప్పున గింజలు పంచింది. ఒక్కో అడుగు వేస్తూ, ఆ అడుగులోనే గింజ పెడుతూ ముందు నడిచింది. వెనకాల ఊరంతా నడిచింది. తమ్మయ్య మాత్రం వెనక నడవడం నామోషీ అనుకుని, అడ్డదారిన ముందుకు పోబోయి పల్లపు బురదలో నడుముదాకా దిగబడ్డాడు. నలుగురు పట్టి లాగితే పంచె బురదకు వదిలేసి, గోచీతో బయటపడ్డాడు. లంకంతా పొట్ట చెక్కలయ్యేలా నవ్వింది. చివరికి ఆయనకూ నవ్వొచ్చి, "ఏటా ముందు నా కాలే పెట్టి చూసుకోండర్రా! అది నిలిచాకే మీ గింజ!" అన్నాడు.

కార్తికం వచ్చేసరికి తీగ కనబడకుండా కాయలు వేలాడాయి. పడవలు నిండి, గట్టు ఊళ్లకు కూర చాలింది. కోతల్లో తీగలు తప్పించి చూస్తే అమ్మ లోపలికి వచ్చిన అడుగులే ఉన్నాయి గానీ, తిరిగి వెళ్లిన అడుగు ఒక్కటీ లేదు. ఆ అడుగుల చివరనే పందిరి వేసి, ఆమెను అడుగులమ్మ అని కొలిచారు.

నేటికీ వరద తీశాక విత్తుల పండుగ జరుగుతుంది. ముందుగా ఊరి పెద్దను, ఆ పూట వచ్చిన ఎంతటి అధికారినైనా సరే, చెప్పులు విప్పించి ఒండ్రు మీదకు నడిపిస్తారు. కాలు దిగబడితే ఈలలు, చప్పట్లు, పండుగ మరో రోజుకు వాయిదా. కాలు నిలిస్తే, ఆ ఏడు లంకకు కొత్తగా వచ్చిన కోడలు ఆనపబుర్ర పగలగొట్టి అందరికీ గింజలు పంచుతుంది. అమ్మవారి ప్రసాదం కూడా ఆ గింజలే. భక్తులు వాటిని పెరట్లోనో, మేడమీద కుండీలోనో వేసుకుని, కార్తికంలో తొలి కాయ తెచ్చి పందిరికి కడతారు.

ఆలస్యంగా పెళ్లి కుదిరినవారు, పరీక్ష తప్పి మళ్లీ కూర్చునేవారు, మూతపడ్డ కొట్టును తిరిగి తెరిచేవారు ఎక్కువగా ఈ అమ్మను దర్శిస్తారు. పాదముద్రల పక్కన తమ కాలు మోపి, "అమ్మా, చోటుందా?" అని అడుగుతారు. పందిరి కింద గింజలు పంచే కోడలు అమ్మ తరఫున బదులు చెబుతుంది:

"ఉందండీ. పెట్టండి."