పద్నాలుగో పెట్టె చీటీ

"కడుపులోనే పోయినదానికి ఎవరిని తప్పుపట్టాలి, మాస్టారూ?" అని ఒక గురువారం మధ్యాహ్నం నూకరత్నం అడిగింది. ఆమె గురువు దాలినాయుడు అప్పుడు చిట్టెలుకల పెట్టెల్లో ఊక మారుస్తున్నారు. చేతిలో ఉన్న పెట్టె పని ముగిసేదాకా ఏ ప్రశ్నకూ జవాబు చెప్పకపోవడం ఆయన అలవాటు.

ఆయన ముప్పై ఏళ్లు ఒక పరిశోధనశాలలో జంతువుల గదిని చూసుకుని, పదవీ విరమణ తరువాత అనకాపల్లి శివారులో రేకుల షెడ్డు వేసి చిట్టెలుకలను పెంచుతున్నారు. ఆ షెడ్డులో పుట్టిన ప్రతి పిల్ల గతినీ దాని రంగే నిర్ణయిస్తుంది. పసుపువి, పాలనురుగు చాయవి పెంచుకునేవారి కోసం దుకాణాలకు వెళతాయి. నల్లవి పాముల పార్కుకు ఆహారంగా వెళతాయి. ఈ సంగతిని ఆయన దాచరు, సమర్థించుకోరు కూడా. నూకరత్నం రెండేళ్లుగా ఆయన వద్ద పని నేర్చుకుంటోంది.

ఇరవై రోజుల క్రితం ఆమెకు మూడో నెల గర్భం పోయింది. ఆసుపత్రి నుంచి వచ్చిన రోజే అత్తగారు, "ఎలుకల పెట్టెలు మోసే మనిషికి కడుపు నిలుస్తాదా?" అని వాకిట్లో నలుగురూ వినేటట్టు అన్నది. భర్త తల వంచుకుని లోపలికి వెళ్లిపోయాడు. ఆ మాట నిజమేనేమోనని నూకరత్నానికీ లోపల ఉంది. తప్పు తనదే అయితే ఆ పూటతో పని మానివేయాలని నిశ్చయించుకుని ఆమె ఆ ప్రశ్న అడిగింది.

మాస్టారు పెట్టెకు మూత వేసి, "ఆ బుట్టలో ఏమున్నాయి?" అన్నారు.

"పార్కుకు పంపవలసినవి."

"పసుపుది ఒకటి కనిపిస్తోంది."

"పద్నాలుగో పెట్టె తల్లి. పిల్లలను తినేస్తోంది మాస్టారూ."

ఆ అనుమానానికి కారణం లేకపోలేదు. పసుపు ఎలుకను ఎప్పుడూ నల్లదానితోనే జత చేయడం మాస్టారి పద్ధతి. ఈతకు తొమ్మిదో పదో పిల్లలు పుడతాయి, వాటిలో ఇంచుమించు సగం పసుపువి. మిగిలిన సగం పాముల పాలు కావడం చూడలేక, అన్నీ పసుపువే పుట్టాలని, నూకరత్నం ఎనిమిది పెట్టెల్లో పసుపును పసుపుతోనే జత చేసింది. మాస్టారు చూసి ఊరుకున్నారు. ఆ పెట్టెల్లో ఈతకు ఆరేడు పిల్లలే కనిపించాయి. వాటిలోనూ మూడింట ఒకటి నలుపు. తల్లి తన పిల్లలను తానే తినడం ఈ పనిలో ఉన్నవారు ఎరిగినదే. ఆమె తల్లులకు వేరుశెనగ పెట్టింది, ఉడికించిన గుడ్డు పెట్టింది, అలికిడి సోకకుండా పెట్టెలపై గోనె కప్పింది. ఫలితం లేకపోయింది. పద్నాలుగో పెట్టెలో రెండో ఈతకు ఐదే కనిపించేసరికి, దాని చీటీ మీద ఎర్ర కలంతో "పిల్లలను తినేది" అని రాసి, పిల్లలను పక్క పెట్టె తల్లికి అప్పగించి, దీనిని బుట్టలో వేసింది.

"గూట్లో నెత్తురు చూశావా?"

"లేదు."

"తోక ముక్క? కాలి ముక్క?"

"లేదు. శుభ్రంగా తినేసి ఉంటుంది."

"శుభ్రంగా" అని మాస్టారు ఆ మాటను ఒకసారి తిరిగి పలికారు.

ఆ ఉదయం రేకుల వేడికి, ఆ ఎనిమిది పెట్టెల్లోని ఒక చూలు ఎలుక చనిపోయింది. ఆయన దానిని పింగాణీ పళ్లెంలో వెల్లకిలా పరచి, బ్లేడుతో పొట్ట తెరిచారు. గర్భసంచి రెండు పాయలుగా, పూసలు గుచ్చిన దారంలా బయటపడింది.

"లెక్కపెట్టు."

"ఏడు."

"పూసల మధ్య చూడు."

రెండు చోట్ల ఆవగింజంత నల్లని మచ్చలున్నాయి. నూకరత్నం వంగి చూసింది.

"తల్లి నుంచీ తండ్రి నుంచీ కూడా పసుపే అందినవి అవి" అన్నారు మాస్టారు. "ఒకరి నుంచి అందితే రంగు ఒంటి మీద కనిపిస్తుంది. ఇద్దరి నుంచీ అందితే పిల్ల ఇంతవరకే వస్తుంది. తల్లి తినడానికి అవి పుట్టనే లేదు."

"గుడ్డు పెట్టినా?"

"పెట్టినా అంతే. గోనె కప్పినా అంతే."

ఆమె పళ్లాన్ని పక్కకు జరిపింది. "ముందే తెలిసి నాకెందుకు చెప్పలేదు?"

"ఇలాగే నేను పదకొండు తల్లులను బుట్టలో వేశాను. పన్నెండోదానిని కోసి చూశాను. మాటతో చెబితే నేనూ నమ్మి ఉండను."

"అయితే నా సంగతి కూడా..."

"మనుషుల సంగతి నాకు తెలియదమ్మా. నేను ఎలుకలవాణ్ణి. డాక్టరమ్మ ఏమన్నది?"

"ఒక్కోసారి అలా జరుగుతుంది, నువ్వు చేసే పని వల్ల కాదు అన్నది."

"ఆ మాట ఇంట్లో చెప్పావా?"

"ఇంకా లేదు" అన్నది నూకరత్నం. అంతలో పాముల పార్కు నుంచి వచ్చిన అప్పలకొండ సైకిలు గోడకు ఆనించి, బుట్టలోకి తొంగి చూశాడు. "ఏం మాస్టారూ, ఇవాళ పసుపుదాన్ని కూడా వేశారు? మా పాములకి పెళ్లిభోజనమా?"

"అది రాదు, అప్పలకొండన్నా" అని నూకరత్నం బుట్టలో చేయి పెట్టి, ఆ తల్లిని తోక మొదలు పట్టి తీసి, అరచేతిలో నిలిపి, పద్నాలుగో పెట్టెలోకి వదిలింది. పక్క పెట్టెలోని ఐదు పిల్లలను ఒక్కొక్కటిగా తెచ్చి దాని గూట్లో చేర్చింది. అది వాటిని వాసన చూసి, ఊక కిందికి లాక్కుని, పైన పడుకుంది. అప్పలకొండ మిగిలిన బుట్టతో వెళ్లిపోయాడు. ఆమె చీటీ తీసి, తాను రాసిన రెండు మాటలనూ అదే ఎర్ర కలంతో అడ్డంగా కొట్టివేసి, కలాన్ని గోడ మేకుకున్న డబ్బాలో పెట్టబోయింది.

"అక్కడ పెట్టకు" అన్నారు మాస్టారు, తరువాతి పెట్టె అందుకుంటూ. "ఇవాళ దానిని ఇంటికి తీసుకువెళ్లు, అక్కడా కొట్టివేయవలసిన మాట ఒకటుంది. రేపు వచ్చేటప్పుడు తెద్దువుగాని."