‘ఘ’తో మొదలయ్యే పుస్తకం

ఘనదేవ మహారాజు గ్రంథాలయం ఊరందరికీ తెరిచే ఉండేది. దాన్ని చూసుకునే సోమయాజికి అది గిట్టదు. ఎవరు తప్పు మాట్లాడినా దిద్దకుండా ఉండలేని మనిషి. పెళ్లిపీటల దగ్గర పురోహితుణ్ణి కూడా వదలడు. ఒకరోజు ఆయనే రాజును ఒప్పించి పందెం చాటించాడు. పేర్ల మొదటి అక్షరాలు కలిపితే ‘ఘనదేవ’ అని వచ్చేలా నాలుగు పుస్తకాలు ఎంచుకుని చదవాలి. మామూలు జనంలో ఒక్కరూ చదవలేకపోతే వాళ్లకిక తలుపులు మూసేస్తారు.

గానుగ నడిపే నూకాలుకు అనుమానం వచ్చింది. పుస్తకం ముట్టుకోనివ్వని మనిషికి ఉన్నట్టుండి ఇంత ప్రేమేమిటి? మూడు పుస్తకాలు దొరికాయి. ‘ఘ’తో ఉన్నది ఒక్కటే, ‘ఘృతపాకం’ అనే నేతివంటల పుస్తకం. దాన్ని ఎప్పుడో చెదలు తినేశాయన్నాడు సోమయాజి. పక్కనున్న వాటిని వదిలేసి చెదలు దీన్నే ఎలా తిన్నాయి?

సభలో నూకాలు, "నాలుగూ చదివాను ప్రభూ" అంది.

"ఘృతపాకం కూడానా? ఏముంది అందులో?" అన్నాడు రాజు.

"మొదటి ఆకులో అరిసెలు. బెల్లం కరగకముందే పిండి పోసెయ్యమని ఉంది."

"అబద్ధం" అన్నాడు సోమయాజి. "మొదట ఉన్నవి బూరెలు. అరిసెలు ఆఖరి ఆకులో. నిన్ననే మా ఇంట్లో..." అని ఆగిపోయాడు.

"చెదలు తినేసిన ఆకులు నిన్న ఎలా కనిపించాయి అయ్యవారూ?" అంది నూకాలు.

భటులు ఆయన వంటింట్లోంచి పుస్తకం తెచ్చారు. నేతి మరకలు ఇంకా ఆరలేదు.

"మరి చదివానని నువ్వూ అబద్ధమే చెప్పావుగా?" అన్నాడు రాజు.

"చెప్పాను ప్రభూ. అదిలా ఇప్పించండి, చదివి నిజం చేస్తాను."