పేర్రాజు పడమటి గోడ

అనగనగా ఒక ఊళ్ళో, గోదారి గట్టుకి దిగువన, పేర్రాజని ఒకాయన ఉండేవాడమ్మా. ఊరంతా తాటాకిళ్ళే. ఈయనకేమో ఇటుకలిల్లు కట్టుకోవాలని బుద్ధి పుట్టింది. బుద్ధి మంచిదే, మనిషే ఉత్త అనుమానప్పక్షి. తన నీడని కూడా తను నమ్మడు.

తాపీ మేస్త్రి దాలయ్యని పిలిపించాడు. చుట్టుపక్కల గట్టి గోడంటే దాలయ్య గోడే. మూరెడు మందాన గోడలు లేపాడు, గుమ్మాల మీద ఇటుకల్ని విల్లులా వంచి పేర్చాడు. అప్పట్లో సిమెంటెక్కడిదీ? సున్నం, ఇసక గానుగలో పోసి, కరక్కాయ నీళ్ళూ బెల్లం నీళ్ళూ కలిపి, ఎద్దుని కట్టి రాతి చక్రం తిప్పించేవారు. ఇటుకల్ని పట్టుకునేది ఆ సున్నమే.

మూడు గోడలు లేచాయి. అప్పుడు పేర్రాజుకి బెల్లం తరిగిపోతోందని తోచింది. మొదట నీళ్ళు మోసే సింగారమ్మ కొంగు వంక చూశాడు. ఆ తర్వాత కన్నతల్లినే నోరు తెరవమన్నాడు, సిగ్గులేని మనిషి! ఆ తర్వాత దాలయ్య మీద కన్నేశాడు. పొద్దువాలే వేళ మేస్త్రి చెయ్యి బెల్లం బుట్టలోకి వెళ్ళడం కళ్ళారా చూశాడు.

అడిగితే నోటి ముత్యాలు రాలతాయా? అడగలేదు. తిన్నవాడు కక్కుకోవాలని, బెల్లం దంచి, దోసిళ్ళకొద్దీ ఉప్పు కలిపేశాడు. ఆ బెల్లంతోనే పడమటి గోడ లేచింది.

వానలొచ్చాయి. మూడు గోడలు బాగానే ఉన్నాయి. పడమటి గోడ మాత్రం తెల్లగా బూజులా పూసి, పొడిపొడిగా రాలడం మొదలెట్టింది. దాలయ్య మూడుసార్లొచ్చి సున్నం పూశాడు, మూడుసార్లూ ఊడిపోయింది. దాలయ్య చేతిలో పస పోయిందన్నారు ఊళ్ళో. ఇల్లు కట్టమని అడిగినవాళ్ళు వేరే మేస్త్రిని చూసుకున్నారు. పాపం, ఆ మనిషికి అన్నం సయించలేదు. పేర్రాజేమో, బెల్లం తినేసి పాడు సున్నం పెట్టాడని ఇంకా గొణుగుతూనే ఉన్నాడు.

అప్పుడు దాలయ్య గోడ గీకి, ఆ పొడి నాలిక్కి రాసుకున్నాడు.

"ఉప్పండి బాబూ. ఉప్పు తగిలితే ఇటుక బతకదు. ఎక్కణ్ణించొచ్చిందీ?"

"బుట్టలో చెయ్యి పెట్టింది నువ్వు కాదూ?" అన్నాడు పేర్రాజు.

"నేనేనండి. రోజంతా గానుగ తిప్పిన ఎద్దుకి బెల్లమ్ముక్క పెట్టందే మేం కాడి విప్పం."

పేర్రాజుకి తల కొట్టేసినట్టయింది. నోరు మూసుకుంటే తన పరువు నిలుస్తుంది, దాలయ్య బతుకు పోతుంది. ఆలోచించాడు, ఆలోచించాడు. ఆ తర్వాత వీధిలోకెళ్ళి, నలుగుర్నీ పిలిచి, ఉప్పు కలిపింది నేనే, మేస్త్రి తప్పేం లేదని చెప్పేశాడు. చెబుతుంటే ఏడుపొచ్చేసింది. గోడ మళ్ళీ కట్టమని దాలయ్యని బతిమాలాడు.

"కడతానండి," అన్నాడు దాలయ్య. "బెల్లం బుట్ట మాత్రం మా ఇంట్లో ఉంటుంది."

ఊరు ఊరంతా పేర్రాజు వంక చూసింది. ఆయన బుట్ట తనే నెత్తిన పెట్టుకుని, మేస్త్రి ఇంటికి మోసుకెళ్ళాడు.

కథేమో కంచికి, నిద్రేమో నీ కంటికి.