మంచు పడ్డాక చెప్పాల్సిన కథ

లకోటా అనే ఆదివాసీ జనం ఉండే దేశంలో, పెద్ద గడ్డి మైదానం అంచున ఒక పైన్ చెట్ల అడవి ఉంది. అక్కడి జంతువులు ఆ జనం ఆటపాటలు చూస్తూ, కథలు వింటూ పెరిగాయి. శియో అనే గడ్డికోడి పుంజు నాట్యం చేసేది. కుందేలత్త డప్పు వాయించేది. ఒంటి నిండా జూలున్న ముసలి బైసన్ ఆవు కథలు చెప్పేది. దాన్ని అందరూ ఉంచీ అని పిలిచేవారు. లకోటా భాషలో ఉంచీ అంటే అవ్వ. ప్రతి ఎండాకాలం ఈ మూడూ దూరదూరపు అడవులకు వెళ్లి తమ ఆట, పాట, కథ పంచి వచ్చేవి.

ఆ ఏడు ఉంచీ కాలు వాచి కదల్లేకపోయింది. నది అవతలి అడవి నుంచి పిలుపు మాత్రం వచ్చింది. శియో ఎగిరి గంతేసింది. ఇక కథలు కూడా తనే చెప్పవచ్చు కదా.

"ఆడండి, పాడండి, వేసవి కథలు ఎన్నైనా చెప్పండి," అంది ఉంచీ. "పాము కథ మాత్రం నేల మీద మంచు పడ్డాకే. అప్పుడు పాములు నిద్రలో ఉంటాయి. మేలుకుని ఉండగా తమ కథ చెవిన పడితే వచ్చేస్తాయి."

శియో బుద్ధిగా తల ఊపింది. దారిలో మాత్రం ఒకటే నవ్వు. మన కట్టుబాటు మన అడవిలోనే, అక్కడి పాములకు మన భాష ఏం తెలుసు అని అత్తతో వాదించింది. తోక ఈకలు విప్పుకుని నడిచే శియోకు ఎవరి మాటా చెవికెక్కదు.

నది అవతల జంతువులన్నీ గుమిగూడాయి. జింకపిల్లలు అన్నిటికంటే ముందు కూర్చున్నాయి. డప్పు మోగింది, శియో ఆడింది, అన్నీ మెచ్చుకున్నాయి. ఇక ఒక గొప్ప కథ చెప్పమన్నాయి. మెప్పు తలకెక్కిన శియో, మండే ఎండలో పాము కథ మొదలుపెట్టింది.

గాలి లేదు. అయినా గడ్డి కదిలింది. గలగలమని ఒక చప్పుడు వచ్చింది. మరోవైపు నుంచి ఇంకొకటి. తోక గలగలలాడించే పాములవి. జింకపిల్లలేమో అదీ కథలో భాగమే అనుకుని, చప్పుడు వచ్చే వైపే జరిగాయి.

"అత్తా, ఇప్పుడెలా?" అని శియో గుసగుసలాడింది.

"కథ ఆపు. అరిచావంటే పిల్లలు బెదిరి గడ్డిలోకే పరిగెడతాయి," అంది అత్త. డప్పు గట్టిగా కొట్టి, జంతువులన్నిటినీ పిలిచింది. "ఇప్పుడు మీరూ మాతో ఆడాలి. నేల అదిరేలా తొక్కుతూ నా వెనకే రండి."

అన్నీ లేచి తొక్కాయి. ఆ అదురుకు పాములు ఎక్కడివక్కడ చుట్టలు చుట్టుకున్నాయి. జంతువులు అత్త వెనకే వెళ్లి, పక్కనున్న ఎత్తైన బండను ఒక్కొక్కటిగా ఎక్కేశాయి. అన్నిటికంటే వెనకబడింది శియో. ఒక పాము దాని తోక అందుకుంది. శియో తోక ఈకలన్నీ పాము నోట్లో వదిలేసి, ఏడుస్తూ బండ ఎక్కింది.

చలికాలం వచ్చి మంచు పడింది. నది అవతలి జంతువులు గడ్డకట్టిన నది దాటి ఉంచీ దగ్గరకు వచ్చాయి. కుందేలత్త డప్పుతో ఎదురెళ్లి వాటిని తీసుకొచ్చింది. ఉంచీ పాము కథ మొదటి నుంచి చివరిదాకా చెప్పింది. జింకపిల్లలు హాయిగా విన్నాయి. తోక లేని శియో వెనక కూర్చుంది. పాములు వచ్చే ఘట్టం రాగానే అది మాత్రం ఒక్కో కాలూ ఎత్తి, కింద మంచులో పాములున్నాయేమోనని చూసుకుంది.

నీతి: మన కళను ఎంత దూరమైనా తీసుకెళ్లి పంచవచ్చు, దాని కట్టుబాటును ఇంట్లో వదిలి వెళ్తే మనకూ, వినేవాళ్లకూ ముప్పే.